ఆ అమ్మాయినే ఎందుకు అడుగుతాం?

2007 డిసెంబరు ఆఖరు వారం. ఇబ్రహీంపట్నంలోని ఒక లేడీస్ హాస్టల్లో ఉండి బి.ఫార్మసీ చదువుకుంటున్న తెనాలి అమ్మాయిని అత్యాచారం చేసి చంపేశారని 27వ తారీకు పొద్దున తెలిసింది. ఆ వారమంతా బెజవాడలో ఇంకో మాట లేదు. సిటీ బస్సులో, రైతుబజారులో, ఆసుపత్రి ఓపీ చీట్ల వరసలో ఎక్కడ నిలబడ్డా అదే. నా చెవిన పడినంతవరకు జనం ముందుగా అడిగింది "ఎవడు వాడు?" అని కాదు. "అంతమంది పిల్లలుండగా ఆ అమ్మాయే ఎందుకు?" అని. ఆ ఒక్క ప్రశ్న కింద ఇంకా చాలా ఉన్నాయి. ప్రేమ వ్యవహారమేమో, ఎవరితోనో పరిచయం ఉందేమో, కన్నవాళ్లు హాస్టల్లో పడేసి పట్టించుకోలేదేమో. అప్పటికి ఆ పిల్లను ఇంకా మట్టి చెయ్యనైనా లేదు.

నేను ఈ జిల్లా సర్కారు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఎక్కువ కాలం లేబర్ రూము, క్యాజువాల్టీ. పోలీసులకు కబురు పెట్టాల్సిన కేసుల్ని మేం ఎమ్మెల్సీ అంటాం. తాగి కొట్టుకున్నవాళ్లు, పురుగుల మందు తాగినవాళ్లు, హైవే మీద లారీ గుద్దేసినవాళ్లు. తాగి రోడ్డు దాటాడని వాసనే చెబుతున్నా సరే, ముందు కట్టు కడతాం, సెలైన్ పెడతాం, ఆ తర్వాతే మాట. చీవాట్లు పెడితే మర్నాడు పెడతాం. ఒక్క అత్యాచారం కేసులోనే మనిషి ఇంకా స్ట్రెచర్ మీద ఉండగానే విచారణ మొదలవుతుంది. అది చేసేది పోలీసులు కాదు. వెంట వచ్చిన చుట్టాలు, వార్డు బాయ్, పక్క మంచం పేషెంటు తాలూకు వాళ్లు, ఒక్కోసారి మా తెల్లచీరలే.

ఒక కేసు చెబుతాను. ఊరు, వయసు, వరసలు మార్చేశాను, ఎవరూ గుర్తుపట్టలేరు. కృష్ణ కరకట్ట కింద ఒక లంక ఊరు. ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉంటున్న పిల్ల. చేసినవాడు వరసకు బాబాయి, రోజూ ఇంటికొచ్చి కాఫీ తాగి వెళ్లేవాడే. ఆసుపత్రికి తీసుకొచ్చింది మేనత్త. తండ్రి లోపలికి రాలేదు, బయట సైకిల్ స్టాండు దగ్గర నిలబడి బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు.

మేనత్త నన్ను పక్కకు లాగి, "సిస్టరమ్మా, కడుపు నిలవకుండా ఏదన్నా బిళ్ల ఇచ్చి పంపించెయ్యండి. కేసూ గీసూ వద్దు. దీని తర్వాత ఇంకో పిల్ల ఉంది మా అన్నయ్యకి" అంది.

"ఎన్నాళ్లయింది?"

"మూడో రోజమ్మా."

పిల్ల దగ్గరికెళ్లాను. కుంకుడుకాయ రసంతో తలంటి, నెత్తిన ఇంత నూనె పెట్టి, జడ బిగించి అల్లారు. మెడ దగ్గర పసుపు. ఉతికిన లంగా ఓణీ. పేరంటానికి తయారుచేసినట్టుంది. "ఆ రోజు కట్టుకున్న బట్టలేవి?" అని అడిగాను. మేనత్తే చెప్పింది, "పొయ్యిలో పెట్టేశామమ్మా. ఆ పీడ ఇంట్లో ఎందుకని."

ఆ ఇంట్లోవాళ్లు దుర్మార్గులు కారు. పిల్ల మీద ప్రేమతోనే నీళ్లు కాచి పోశారు. మైల పోవాలని తలంటారు, పీడ పోవాలని బట్టలు కాల్చారు. వాణ్ణి పట్టించగలిగిన రుజువంతా ఆ తలంటులో కాలవలోకి, ఆ పొయ్యిలో బూడిదలోకి పోయింది. మైల పిల్లకు అంటిందని మనకు నూరిపోసిన నమ్మకం నేరస్థుడికి ఎంత పనికొస్తుందో నాకు ఆ పూట అర్థమైనంతగా ఏ పుస్తకం చదివినా అర్థం కాలేదు.

ఇక్కడ కాస్త నా వృత్తి మాట చెప్పాలి, ఎందుకంటే ఇది ఇళ్లలో ఎవరికీ తెలియదు. ఒంటి మీద, లోపల దూదిపుల్లతో తీసే నమూనాలు 96 గంటల దాకా తీసుకోవచ్చు. అంటే నాలుగు రోజులు. ఎంత తొందరగా వస్తే అంత మేలు. స్నానం చెయ్యకుండా వస్తే ఇంకా మేలు. చేసినా సరే, రావాలి. నోరు పుక్కిలించినా, బట్టలు మార్చినా, రావాలి. ఆ బట్టల్ని ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి తేవాలి. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మకు బూజు పట్టి పాడవుతాయి. పెద్ద తెల్లకాగితం పరిచి పిల్లను దాని మీద నిలబెట్టి బట్టలు విప్పించేది ఎందుకంటే, రాలిన వెంట్రుక ముక్క, మట్టి రేణువు కూడా కాగితం మీదే పడాలని. గోళ్ల కింద గీకి తీస్తాం. ప్రతిదానికీ ముందు ఆమెను అడగాలి, కాగితం మీద ఒప్పుకోలు తీసుకోవాలి. పరీక్షకు కాదంటే కాదనే. అయినా వైద్యం ఆపకూడదు. గర్భం నిలవకుండా ఇచ్చే మాత్ర మూడు రోజుల్లోపు అయితే బాగా పనిచేస్తుంది, అయిదో రోజు దాకా ఇవ్వొచ్చు. హెచ్ఐవీ రాకుండా వాడే మందు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు మానకుండా మింగాలి. హెపటైటిస్-బి టీకా, ధనుర్వాతం ఇంజెక్షను సరే సరి.

"ముందు పోలీసు కాగితం తీసుకురండి, అప్పుడు చూస్తాం" అనే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు, కార్పొరేట్ ఆసుపత్రికైనా సరే. 2013లో తెచ్చిన చట్టంలోనే ఈ నియమం ఉంది. ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 397వ సెక్షను. వైద్యం ఉచితంగా, వెంటనే చెయ్యాలి. చెయ్యకపోతే ఆ ఆసుపత్రి నడిపేవాళ్లకు ఏడాది దాకా జైలు. ఆసుపత్రి పోలీసులకు కబురైతే పెడుతుంది. ఫిర్యాదు ఇచ్చి తీరాలని పెద్దవయసు ఆడమనిషిని బలవంతపెట్టడానికి మాత్రం లేదు. పద్దెనిమిది నిండని పిల్లల విషయం వేరు. అక్కడ పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పరీక్ష ఫారంలో ఒక గడి ఉండేది. డాక్టరుగారు రెండు వేళ్లతో చూసి, ఈమెకు ఇంతకుముందు అలవాటుందా లేదా అని అందులో రాసేవారు. కోర్టులో ప్రతివాది వకీలు ఆ ఒక్క గడి పట్టుకుని గంటసేపు మాట్లాడేవాడు. నాకా గడి చూస్తే ఒళ్లు మండేది, అయినా ట్రే అందిస్తూ నిలబడేదాన్ని. ఆ పరీక్ష ఆడదాని గౌరవానికి భంగమని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ చెయ్యొద్దని మార్గదర్శకాలిచ్చింది. అయినా ఆగలేదు కాబట్టే 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సొచ్చింది, ఈసారి చేసినవాళ్లది దుష్ప్రవర్తన కిందికొస్తుందని కటువుగానే. ఒక గడి చెరపడానికి అన్నేళ్లు పట్టింది. నోళ్లలో ఉన్న గడి ఇంకా చెరగలేదు.

ఆ గడి వయసు నాకంటే పెద్దది. 1978లో నేను నర్సింగు చదువుతుండగా హైదరాబాదులో రమీజా బీ కేసు జరిగింది. బాధితుల పేర్లు రాయకూడదని నాకు తెలుసు, కాని ఈ పేరు ఎప్పుడో చరిత్రలో కలిసిపోయింది. మొగుడితో కలిసి రాత్రి ఆట సినిమా చూసి వస్తున్న మనిషిని నల్లకుంట పోలీసుస్టేషనులో పెట్టి పోలీసులే అత్యాచారం చేశారు. అడ్డం వెళ్లిన మొగుణ్ణి, రిక్షా తొక్కుకునే అహ్మద్ హుస్సేన్‌ని, కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ముక్తదర్ కమిషన్ వేశారు. ఆ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్లు తెచ్చిన సాక్ష్యాలన్నీ దేని గురించి? ఆ రాత్రి స్టేషనులో ఏం జరిగిందనా? కాదు. ఆమె ఎలాంటి మనిషి, ఎన్ని పెళ్లిళ్లు చేసుకుంది, ఒళ్లమ్ముకునేదా అని. కమిషన్ వాటికి లొంగలేదు, పోలీసులదే తప్పని తేల్చింది. కేసు మాత్రం కర్ణాటకలో రాయచూరు కోర్టుకు వెళ్లి 1981లో కొట్టుడుపోయింది. అంతకుముందు 1972లో మహారాష్ట్రలో మథుర అనే గిరిజన బాలిక కేసూ పోలీసుస్టేషనులో జరిగిందే. ఒంటి మీద గాయాల్లేవు కాబట్టి ఒప్పుకునే ఉంటుందని 1978లో సుప్రీంకోర్టు అంది. ఆ రెండు కేసుల మీద ఆడవాళ్లు వీధుల్లోకి రాబట్టే 1983లో చట్టం మారింది. కస్టడీలో జరిగితే ఆమె ఒప్పుకోలేదన్న మాటనే కోర్టు ముందుగా నమ్మాలని, బాధితురాలి పేరు అచ్చెయ్యకూడదని అప్పుడే వచ్చింది.

అందుకే ఇబ్రహీంపట్నం అమ్మాయి పేరు నేను రాయడం లేదు. అందరికీ తెలుసు, గూగుల్లో కొడితే ఫొటోతో సహా వస్తుంది. అయినా రాయను. చచ్చిపోయినా సరే పేరు బయటపెట్టకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వాళ్లమ్మ ఇన్నేళ్లుగా కెమెరాల ముందుకొచ్చి, ధర్నాల్లో కూర్చుని, నా కూతురికి న్యాయమేదని అడుగుతూనే ఉంది. ఆమె తన బిడ్డ పేరు చెబితే అది ఆమె హక్కు. నాకు లేదు.

ఆ కేసు నడిచిన తీరు చూడండి. ఎనిమిది నెలల తర్వాత నందిగామ ప్రాంతం నుంచి ఒక పేద దళిత కుర్రాణ్ణి పట్టుకొచ్చారు. 2010లో విజయవాడ మహిళా కోర్టు శిక్ష వేసింది. ఇతను చేసుండడని చంపబడిన అమ్మాయి తల్లిదండ్రులే అన్నారు. ఏళ్ల తరబడి జైల్లో ఉండి, నరాల జబ్బుతో నడవలేని స్థితికొచ్చాక, 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. 2018లో కేసు సీబీఐకి వెళ్లింది. అప్పటికి కింది కోర్టులో దాచాల్సిన రికార్డులే నాశనమైపోయాయని బయటపడింది. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి ఎముకలకు మళ్లీ పోస్ట్‌మార్టం చేశారు. పన్నెండేళ్ల తర్వాత! తమ మతాచారం ఒప్పుకోదని తెలిసి కూడా తల్లిదండ్రులు తవ్వనిచ్చారు. ఇన్నేళ్లలో ఫలానావాడే దోషి అన్న మాట ఏ పై కోర్టులోనూ నిలబడలేదు. "ఎందుకుంది హాస్టల్లో?" అని 2007లో అడిగినవాళ్లలో "రికార్డులెవరు తగలేశారు?" అని 2019లో అడిగినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ.

మన జిల్లాదే ఇంకో కేసు. 2014 జనవరిలో మచిలీపట్నం అమ్మాయి, బొంబాయిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, క్రిస్మస్‌కి ఇంటికొచ్చి విజయవాడలో రైలెక్కి వెళ్లింది. బొంబాయిలో దిగిన తెల్లవారుజాము నుంచి మళ్లీ కనిపించలేదు. పది రోజులు దాటాక శవం దొరికింది. కింది కోర్టు ఒకడికి ఉరిశిక్ష వేసింది, బొంబాయి హైకోర్టు సరేనంది. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు సాక్ష్యాలు చాలవని వదిలేసింది. అప్పుడూ మా వీధిలో మొదటి ప్రశ్న మారలేదు. "ఆ చీకట్లో ఎవడో పిలిస్తే ఎందుకు వెళ్లడం?"

ముల్లూ అరిటాకూ సామెత ఉందే, దాన్ని ఎవరైనా నా ముందంటే వెంటనే ఆపేస్తాను. ఆకు చిరుగుతుందని అందరికీ తెలుసు. ముల్లు సంగతి మాట్లాడకుండా ఉండడానికే ఆ సామెత వాడతారు.

ఇక "అరవలేదేం, పరిగెత్తలేదేం?" అన్న ప్రశ్న. ఇది అడిగేవాళ్లకు శరీరం సంగతి తెలియదు. ప్రాణభయం వచ్చినప్పుడు మనిషి ఎదురు తిరగొచ్చు, పారిపోవచ్చు, లేదా కొయ్యబారిపోవచ్చు. మూడోది మన చేతిలో ఉండదు. కాళ్లూ చేతులూ మాట వినవు, గొంతు పెగలదు. నా దగ్గరికొచ్చిన పిల్లలు చాలామంది ఒకే మాట అన్నారు, "పైన ఫ్యాను తిరగడం కనిపిస్తోందండీ, నేను మాత్రం అక్కడ లేను." వాళ్లు చెప్పే కథ వరసలో ఉండదు. ఫ్యాను గుర్తుంటుంది, వాడి చొక్కా బొత్తాం గుర్తుంటుంది, ఏ టైమో గుర్తుండదు. పొద్దున ఒకటి చెప్పి సాయంత్రం ఇంకోటి చెబుతోందని కానిస్టేబుల్ విసుక్కుంటాడు. అబద్ధమైతే అచ్చు పాఠంలా ఒప్పజెప్పేది. ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని ఇప్పుడు చట్టంలోనే రాశారు. గాయాలు లేవు కాబట్టి అత్యాచారం జరగలేదని డాక్టరు రాయడానికీ వీల్లేదు.

మా నర్సులకు గర్వంగా చెప్పుకోదగ్గ విషయం ఒకటుంది. ఈ బాధను మొదట శ్రద్ధగా కూర్చుని విన్నవాళ్లలో ఒక నర్సు ఉంది. అమెరికాలో బోస్టన్ సిటీ హాస్పిటల్‌కి అత్యాచారం కేసు వచ్చినప్పుడల్లా, అర్ధరాత్రైనా సరే, యాన్ బర్జెస్ అనే నర్సు, లిండా హోమ్‌స్ట్రమ్ అనే సమాజశాస్త్ర పరిశోధకురాలు వెళ్లేవారు. 92 మంది పెద్దవయసు ఆడవాళ్లతో మాట్లాడి 1974లో రాశారు. కొందరు ఏడుస్తారు, కేకలు పెడతారు. కొందరు ఏమీ జరగనట్టు నిమ్మళంగా కూర్చుంటారు, నవ్వుతారు కూడా. రెండూ అదే దెబ్బకు రెండు రూపాలు. మా క్యాజువాల్టీలో నిమ్మళంగా కూర్చున్న పిల్లను చూసి ఎంతమంది మూతి విరిచారో! "చూడు, కంట్లో నీటిచుక్క లేదు."

ఆ దెబ్బ ఏళ్లపాటు ఉంటుంది, వేరే పేర్లతో ఆసుపత్రికొస్తుంది. నెలనెలా కడుపునొప్పి, స్కాన్‌లో ఏమీ ఉండదు. ఫిట్స్ అంటారు, ఫిట్స్ కాదు. నిద్ర లేదు. ఒక వాసన తగిలితే వాంతి. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించుకొచ్చిన పిల్లల్ని చూశాను. చేతి మీద బ్లేడు గీతలు దాచుకోవడానికి ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్లు వేసుకున్నవాళ్లను చూశాను. పురుగుల మందు తాగి వచ్చిన పెళ్లికాని పిల్లను పొట్ట కడిగాక ఒంటరిగా అడిగితే, పరీక్ష తప్పానని చెప్పే మొదటి కథ వెనక రెండో కథ బయటికొచ్చేది. ఇంట్లోవాళ్లకూ తప్పదు. చెల్లెలికి వచ్చిన సంబంధం వెనక్కిపోతుంది, తండ్రి టీ కొట్టుకు పోవడం మానేస్తాడు, చివరికి ఇల్లు అమ్ముకుని గుంటూరుకో హైదరాబాదుకో మారిపోతారు. చేసినవాడు అదే వీధిలో, అదే అరుగు మీద పేపరు చదువుకుంటూ ఉంటాడు.

మగపిల్లల గురించి ఒక్క మాట. వాళ్లకూ జరుగుతుంది, హాస్టళ్లలో, పనిలో పెట్టినచోట. పోక్సోలో ఆడా మగా తేడా లేదు. "మగపిల్లాడికి పోయేదేముందిలే" అనే ఇళ్లలో వాళ్లు నోరే విప్పరు.

2015 డిసెంబరులో మా ఊరు మళ్లీ పేపర్లకెక్కింది, కాల్ మనీ కేసుతో. ఫోను చేస్తే చాలు ఇంటికొచ్చి అప్పిస్తారు, వడ్డీ మాత్రం చుక్కల్లో ఉంటుంది. తీర్చలేని ఆడవాళ్లను లొంగదీసుకున్నారని, వీడియోలు తీసి బెదిరించారని ఫిర్యాదులు వచ్చాయి. అసెంబ్లీ అట్టుడికింది. ఊళ్లో మాత్రం, "స్తోమత లేకుండా అప్పులెందుకు చెయ్యాలి?" ఆ అప్పు మొగుడి ఆసుపత్రి ఖర్చుకో, పిల్లాడి ఇంజనీరింగు ఫీజుకో అని తెలిసినవాళ్లే ఆ మాట అన్నారు. అప్పు ఒక నేరమైనట్టు, దానికి శిక్ష అదైనట్టు.

2022 ఏప్రిల్‌లో విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనే ఘోరం జరిగింది. మానసిక ఎదుగుదల సరిగా లేని యువతిని అక్కడ పనిచేసే కాంట్రాక్టు కుర్రాడొకడు మాయమాటలు చెప్పి తీసుకెళ్లి చిన్న గదిలో పెట్టాడు. మరో ఇద్దరు తోడయ్యారు. సుమారు 30 గంటలు. కూతురు కనిపించడం లేదని తల్లిదండ్రులు నున్న పోలీసుస్టేషనుకు వెళ్తే వెంటనే కదల్లేదు. అందుకు సీఐని, ఎస్‌ఐని సస్పెండ్ చేశారు. అప్పుడు వార్డులో జరిగింది రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. అప్పటి ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడు, అప్పటి మహిళా కమిషన్ అధ్యక్షురాలు వాసిరెడ్డి పద్మ ఒకేసారి పరామర్శకు వచ్చారు, ఆ పిల్ల మంచం ఉన్నచోటే రెండు పక్షాలకూ మాటల యుద్ధం. తర్వాత కమిషన్ ఆయనకు సమన్లు పంపింది. నాలుగు రోజులు వార్తలన్నీ సమన్ల మీదే. నర్సుగా ఆ దృశ్యం చూసి నేను అనుకున్నది ఒకటే. ఆ వార్డులోకి అంతమందిని వదిలిందెవరు? అలాంటి పేషెంటు గదిలోకి డాక్టరు, నర్సు, ఆమె కోరుకున్న మనిషి ఒకరు తప్ప ఇంకెవరూ వెళ్లకూడదు. మా అపార్ట్‌మెంటు కింద మాత్రం ప్రశ్న ఇంకో రకంగా ఉంది, "అలాంటి పిల్లని ఒంటరిగా ఎందుకు వదిలారు?"

ఇదే జనం 2019 డిసెంబరు 6న టపాకాయలు కాల్చారు. శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన దారుణం తర్వాత, పట్టుబడ్డ నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపిన రోజు. పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ విచారించి, చంపాలనే కాల్చారని చెప్పింది. 2022లో ఆ నివేదిక బయటికి వచ్చేసరికి స్వీట్లు పంచినవాళ్లు ఆ సంగతే మర్చిపోయారు. ఆ కాల్పులు జరిగిన వారానికే మన అసెంబ్లీ దిశ బిల్లు ఆమోదించింది, 21 పనిదినాల్లో తీర్పు అంటూ. రాష్ట్రపతి ఆమోదం రాలేదు, చట్టం కాలేదు. ఆ కోపం అబద్ధమని నేననను. కాని తెలియనివాడు చేస్తే కాల్చెయ్యమంటాం, తెలిసినవాడు చేస్తే సర్దుకోమంటాం. నేర గణాంకాల బ్యూరో ఏటా వేసే పుస్తకం చూస్తే, అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా చేసింది ఆమెకు తెలిసినవాడే. చుట్టం, పక్కింటివాడు, పనిచ్చినవాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. కాఫీ తాగి వెళ్లిన బాబాయి మీద టపాకాయలు కాల్చేవాళ్లెవరు? మొగుడైతే అసలు కేసే లేదు, కొత్త న్యాయ సంహితలో కూడా ఆ మినహాయింపు అలాగే ఉంచేశారు.

తెలిసినవాడైతే ఊళ్లో పెద్దమనుషుల్లో పెడతారు. రావిచెట్టు కింద కాదిప్పుడు, ఏ రైస్ మిల్లు ఆఫీసు గదిలోనో. తప్పు కట్టిస్తారు. డబ్బు తండ్రి చేతికొస్తుంది. లేదా ఇద్దరికీ ముడిపెట్టేస్తారు, వాడితోనే కాపురం చెయ్యమని. అత్యాచారం కేసులో రాజీ అన్న ఆలోచనే పనికిరాదని 2015లో సుప్రీంకోర్టు తెగేసి చెప్పింది. రాఖీ కట్టించుకుంటే బెయిలు అన్న మధ్యప్రదేశ్ హైకోర్టు షరతును 2021 మార్చిలో కొట్టేసింది. న్యాయమూర్తులకే చెప్పాల్సి వచ్చిందంటే రైస్ మిల్లు గదిలో కూర్చున్నవాళ్లకు ఎవరు చెప్పాలి?

ఇక ఆ లంక ఊరి పిల్ల సంగతి. ఆ రోజు మాత్రలన్నీ ఇప్పించాను, హెచ్ఐవీ మందు గడువు అంచుల్లో మొదలుపెట్టాం. కేసు వద్దని తండ్రి కాగితం మీద వేలిముద్ర వెయ్యబోతే, పిల్ల మేజరు, వేస్తే తనే వెయ్యాలి అన్నాను. పిల్ల వెయ్యనంది. నోటితో కాదు, ఊరికే తల అడ్డంగా ఊపింది. రెండో రోజు నాయనమ్మ దిగింది. చెవులకు దుద్దులు, చేతిలో సత్తు క్యారేజీ. మంచం మీద ఎక్కి కూర్చుని పిల్ల తల ఒళ్లో పెట్టుకుని, అన్నం కలిపి నోట్లో పెడుతూ అంది, "నీదేం తప్పు లేదే పిచ్చిమొహమా. వాడి మొహం మీద ఊసి వచ్చాను ఇప్పుడే." మూడు రోజుల నుంచి ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. ఫిర్యాదు ఇచ్చింది. సాక్ష్యం లేని కేసు ఎంతవరకు నిలుస్తుందో నాకు తెలుసు కాబట్టి అది గెలిచిన కథగా చెప్పలేను. నాలుగేళ్లు నడిచి కొట్టేశారు. పిల్ల మాత్రం బి.ఎడ్. చేసింది, టీచరుగా పనిచేస్తోంది. నాయనమ్మ ఉన్నన్నాళ్లూ వాయిదాకల్లా తోడు వెళ్లింది. కోర్టు వరండాలో ఎవరో "ఏం జరిగిందమ్మా?" అని ఆరా తీస్తే, "మీకెందుకు? టిఫిన్ చేశారా?" అనేదట.

ఇంట్లో ఎవరైనా పిల్ల నోరు విప్పి చెబితే ఆ మొదటి నిమిషంలో ఏమనాలో చాలామంది నన్ను అడుగుతుంటారు. పెద్ద మాటలేం అక్కర్లేదు. నమ్ముతున్నానని చెప్పండి. దెబ్బలేమన్నా తగిలాయా అని అడగండి. ఏం చేద్దామని అడగండి, చెప్పకపోతే ఆగండి. 181కి గాని 112కి గాని ఫోను చెయ్యొచ్చు, పసిపిల్లలైతే 1098. జిల్లాకో సఖి కేంద్రం ఉంది. ఆసుపత్రి, పోలీసు, వకీలు, తాత్కాలికంగా ఉండడానికి చోటు అన్నీ అక్కడి నుంచే చూస్తారు. మా ఊళ్లో వాసవ్య మహిళా మండలివాళ్లు 1969 నుంచి ఇలాంటి ఆడవాళ్లకు ఆసరాగా ఉన్నారు. గోరా కూతురు, రెండుసార్లు విజయవాడ ఎంపీ అయిన చెన్నుపాటి విద్య దాన్ని నడిపించారు. ఏ పోలీసుస్టేషనుకు వెళ్లినా, మా పరిధి కాదు అనడానికి లేదు, జీరో ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి. కట్టకపోతే ఆ పోలీసు మీదే కేసవుతుంది. వాంగ్మూలం మహిళా పోలీసు తీసుకోవాలి, బాధితురాలి ఇంటి దగ్గరో, బాధితురాలు చెప్పినచోటో. ఎఫ్ఐఆర్ కాపీ, డాక్టరు రిపోర్టు కాపీ ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి, ఇస్తాంలే అంటే అక్కడే కూర్చోండి. గర్భం నిలిచిందని ఆలస్యంగా తెలిస్తే 24 వారాల దాకా తీయించుకోవడానికి 2021 నుంచి చట్టం ఒప్పుకుంటుంది. ఎప్పుడో చిన్నతనంలో జరిగింది ఇప్పుడు చెప్పాలనిపించినా చెప్పొచ్చు, అత్యాచారం ఫిర్యాదుకు గడువంటూ ఏమీ లేదు. పోయిన సంక్రాంతికి మా వీధిలోనే ఒకావిడ, మనవళ్లున్న మనిషి, గొబ్బెమ్మలు పెడుతూ పెడుతూ నలభై ఏళ్ల నాటి సంగతి నాతో చెప్పింది. ఫిర్యాదు చెయ్యనంది. వాడెప్పుడో పోయాడట. నిద్ర పట్టడం లేదంది. మానసిక వైద్యుల దగ్గరికి నేనే తీసుకెళ్లాను, ఇప్పుడు నెలకోసారి తనే ఆటో మాట్లాడుకుని వెళ్తోంది.